ఐదు ఎంబీ దాటితే

ఆగస్టు 4, సోమవారం

ఇవాళ సిస్టమ్ పదకొండుసార్లు ఆగిపోయింది. లెక్కపెట్టాను.

పొద్దున్నే రిపోర్టుల కోసం పద్ధెనిమిది మంది వచ్చారు. బెంచీ నిండిపోయి మెట్ల మీద కూర్చున్నారు. మా మెయిన్ ల్యాబ్ కాకినాడలో ఉంది. ఇక్కడ గణేష్ రక్తం తీస్తాడు, శాంపిల్స్ అక్కడికి వెళ్తాయి, రిపోర్టులు మెయిల్లో వస్తాయి. నేను ప్రింట్ తీసి కవర్లో పెట్టి ఇస్తాను. అంతే నా ఉద్యోగం. ఇవాళ అదీ చెయ్యలేకపోయాను. మెయిల్ తెరిస్తే తెల్లటి తెర, మధ్యలో తిరిగే గుండ్రం. టాస్క్ మేనేజర్ చూశాను. ఉన్న ర్యామ్ నాలుగు జీబీ. మెయిల్ ప్రోగ్రామ్ ఒక్కటే మూడు జీబీ తినేస్తోంది.

ఓనరు జేవియర్ గారు గదిలోంచి బయటికొచ్చి, హేమశ్రీ, హైదరాబాద్‌లో నాలుగేళ్ళు కంప్యూటర్ కంపెనీలో చేశావు కదమ్మా, ఈ మాత్రం బాగుచెయ్యలేవా అన్నారు. అందరి ముందూ. టెక్ సపోర్టేనండీ చేసింది, చూస్తానండీ అన్నాను.

మా టీమ్ మొత్తాన్ని ఒక్క మెయిల్‌తో తీసేశారని ఇక్కడ అక్కకి తప్ప ఎవరికీ తెలీదు. ఏడు నెలల్నించీ ఫరంపేటలో అక్కా వాళ్ళింట్లో సెలవుకొచ్చినట్టు ఉంటున్నాను. సూట్‌కేస్ ఇంకా పూర్తిగా ఖాళీ చెయ్యలేదు.

బాగుచేస్తాను. చేసి చూపిస్తాను.

ఆగస్టు 5

మెయిల్ ప్రోగ్రామ్‌ని సేఫ్ మోడ్‌లో తెరిచాను. యాడ్-ఆన్‌లు తొమ్మిది ఉన్నాయి. క్యాలెండర్, వాతావరణం, అనువాదం. నాకన్నా ముందు పనిచేసినవాళ్ళు తలా ఒకటి పెట్టి వెళ్ళిపోయినట్టున్నారు. అన్నీ తీసేశాను. 2.6కి దిగింది. రెండు గంటల్లో మళ్ళీ మూడు.

కొత్త సిస్టమ్ కొనమనండి అన్నాడు గణేష్. వద్దన్నాను. కొత్తది కొంటే నేను చేసిందేముంటుంది.

ఆగస్టు 6

ఇన్‌బాక్స్‌లో నలభై ఒక్క వేల మెయిల్స్. తొమ్మిదేళ్ళవి. డిలీట్ చేసినవి కూడా కంపాక్ట్ చేస్తేగానీ నిజంగా పోవు. ముందు బ్యాకప్ తీసుకుని కంపాక్ట్ పెట్టాను. రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదట్నించీ చెయ్యాలి. గోదారి మీద మబ్బు చూస్తూ కూర్చున్నాను. పోలేదు.

వెతకడానికని వెనకాల నడిచే ఇండెక్సింగ్ కూడా ఆపేశాను. 1.9. గణేష్‌కి చూపించాను. ఓహో అన్నాడు.

అన్నం తినొచ్చేసరికి 2.8. ఇంటికొచ్చాక అక్క ఏదో అడుగుతోంటే ఊఁ కొడుతున్నాను తప్ప ఏమడిగిందో తెలీదు.

ఆగస్టు 7, గురువారం

దొరికింది!

ల్యాబ్ మెషీన్లు అమ్మే కంపెనీ ఒకటి వారానికి మూడుసార్లు బ్రోషర్లు పంపుతోంది. ఒక్కోటి పద్ధెనిమిది ఎంబీ. అన్నీ బొమ్మలే. మెయిల్ రాగానే ప్రోగ్రామ్ ఆ బొమ్మలన్నీ ప్రివ్యూ కోసం మెమరీలోకి లాక్కుంటోంది, మళ్ళీ వదలట్లేదు. తొమ్మిదేళ్ళలో ఎవరూ ఒక్కటీ చదివిన పాపాన పోలేదు.

ఫిల్టర్ రాశాను. ఐదు ఎంబీ దాటిన మెయిల్ ఏదైనా సరే, తెరుచుకోకుండా నేరుగా ‘పెద్దవి’ అనే ఫోల్డర్‌లోకి వెళ్ళిపోతుంది. ముందు మూడు నెలల రిపోర్టులు చూశాను. అన్నింటికన్నా పెద్దది కూడా ఒక ఎంబీ లేదు. కాబట్టి ఐదు సేఫ్.

ఒక్కటే చిక్కు. కొత్త మెయిల్ అని అలర్ట్ వస్తే గణేష్ నొక్కకుండా ఉండలేడు. నొక్కితే కథ మళ్ళీ మొదటికే. అందుకని ‘చదివినట్టు గుర్తు పెట్టు’ అన్న దానికి కూడా టిక్ పెట్టాను. ఇక ఆ ఫోల్డర్ ఉన్నట్టు కూడా ఎవరికీ తెలీదు.

ఆగస్టు 8

రోజంతా 380 ఎంబీ. ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆగస్టు 12, మంగళవారం

జేవియర్ గారు కాకినాడ ల్యాబ్ వాళ్ళతో ఫోన్లో మా హేమశ్రీ అంటూ చెబుతున్నారు. వినిపించనట్టు ప్రింట్లు తీస్తూ కూర్చున్నాను.

దరియాలతిప్ప నుంచి సత్యవతమ్మ గారని ఒకావిడ వచ్చింది. చేపలమ్ముతుంది. యాభై దాటుంటాయి. ఎడమ రొమ్ములో గడ్డట. ఒకటో తారీఖున డాక్టరు గారు ముక్క తీసి మా ద్వారా బయాప్సీకి పంపారు. రిపోర్టు పదిరోజులన్నారు కదమ్మా అంది. ఇన్‌బాక్స్ వెతికాను. లేదు. బయాప్సీవి కొరియర్లో కాగితాలుగా వస్తాయి, ఆలస్యమవుతాయి అన్నాడు గణేష్. ఆవిడకి అదే చెప్పాను.

సాయంత్రం ఇంటర్వ్యూ, వీడియోలో. హైదరాబాద్ కంపెనీ. ఈమధ్య మీరు పరిష్కరించిన సమస్య ఒకటి చెప్పండి అన్నారు. చెప్పాను. మూడు జీబీ నుంచి 380 ఎంబీ అనగానే అటుపక్క అమ్మాయి నవ్వింది. రెండో రౌండ్ ఉంటుందట.

ఆగస్టు 20

గోదారి ఎర్రగా, నిండుగా ఉంది. ఒడ్డున రాజీవ్ బీచ్ మెట్లు పైన రెండే కనిపిస్తున్నాయి.

సత్యవతమ్మ గారు వానలో తడుస్తూ వచ్చింది. ఇంకా రాలేదన్నాను. కాకినాడ ఫోన్ చేసి కనుక్కుంటాలెండి అన్నాను. ఆవిడ వెళ్ళాక రెండో రౌండ్‌కి చదువుతూ కూర్చున్నాను.

ఆగస్టు 28, గురువారం

నిన్న చవితి. ఇవాళ జనం లేరు.

సత్యవతమ్మ గారు మూడోసారి. ఆవిడని చూడగానే నా మీద నాకే విసుగొచ్చింది, ఫోన్ చెయ్యలేదని అప్పుడు గుర్తొచ్చి. రాలేదండీ అన్నాను, స్క్రీన్ మీంచి కళ్ళు తియ్యకుండా. ఆవిడ నెత్తి మీది గంప దించింది. తర్వాత అడిగింది.

"రాలేదంటే ఏం లేదనేగా అమ్మా? ఏదన్నా ఉంటే వాళ్ళే కబురెట్టేవారు కదా."

అయ్యుండొచ్చండీ అన్నాను. తల కూడా ఊపాను.

ఆవిడ ముఖం విప్పారింది. గంపలోంచి రొయ్యలు తీసి కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. అక్క వేపుడు చేసింది. తిన్నాను.

సెప్టెంబర్ 3, బుధవారం. ఉదయం 11.40

బాత్రూమ్‌లో కూర్చుని రాస్తున్నాను.

కాకినాడ నుంచి ఫోన్. ఇవాళ పంపిన బయాప్సీ రిపోర్టు కలర్లో ప్రింట్ తియ్యండి, స్లైడ్ ఫొటోలున్నాయి అంది అక్కడమ్మాయి. అవి కొరియర్లో కదా వచ్చేది అన్నాను. ఆగస్టు నుంచి మెయిలే కదండీ, మీకూ సర్క్యులర్ వచ్చింది అంది.

‘పెద్దవి’ తెరిచాను. పద్నాలుగు మెయిల్స్. పదకొండు బ్రోషర్లు. ఒకటి సర్క్యులర్, దానిక్కూడా పోస్టర్ తగిలించారు. ఒకటి ఇవాళ్టి రిపోర్టు. ఒకటి ఆగస్టు 11, మధ్యాహ్నం 3.15. పదకొండున్నర ఎంబీ. సత్యవతమ్మ, 54, ఎఫ్.

క్యాన్సరే.

ఇరవై మూడు రోజులు. మూడుసార్లొచ్చింది. మూడుసార్లూ అది అక్కడే ఉంది. నేనే టిక్ పెట్టాను, చదివినట్టు.

సెప్టెంబర్ 3, సాయంత్రం

రాయాల్సింది ఇంకా ఉంది. రాయకపోతే రేపటికి మర్చిపోయినట్టు నటిస్తాను.

రిపోర్టు చూసిన ఐదు నిమిషాలకే నాకో ఆలోచన వచ్చింది. రైట్ క్లిక్ చేసి, చదవనట్టు మార్చి, ఇన్‌బాక్స్‌లోకి జరిపితే ఇవాళే వచ్చినట్టుంటుంది. మౌస్ అక్కడిదాకా వెళ్ళింది కూడా.

ఆపుకుని జేవియర్ గారి గదిలోకెళ్ళి చెప్పాను. ఇంకెవరైనా చూశారా అన్నారు. లేదన్నాను. ఇవాళే వచ్చిందని చెప్పి ఇచ్చెయ్యమన్నారు. ఆవిడకి చదువు రాదు, తారీఖు ఎవరు చూస్తారు అన్నారు. పదిహేనేళ్ళు పట్టింది హేమశ్రీ ఈ బోర్డుకి పేరు రావడానికి అన్నారు. ఆయన్ని తప్పుబట్టలేను. నేను ఐదు నిమిషాల్లో అనుకున్నదే ఆయన రెండు నిమిషాల్లో అనుకున్నారు.

నేనే వెళ్ళి చెబుతానండీ అన్నాను. ఉద్యోగం సంగతి ఆలోచించుకోమన్నారు. ముక్క తీసిన డాక్టరు గారికి ఆయన ఎదురుగానే ఫోన్ చేసి మొత్తం చెప్పేశాను, మళ్ళీ మనసు మారకుండా. వెంటనే కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నారు డాక్టరు గారు.

సెప్టెంబర్ 4, గురువారం

దరియాలతిప్ప వెళ్ళాను. స్కూటీ దారిలో రెండుసార్లు ఆపాను. ఊరికే. ఏమీ పాడవలేదు.

ఆవిడ వాకిట్లో టార్పాలిన్ పరదా మీద ఎండుచేపలు తిరగేస్తోంది. కొడుకు వీరబాబు అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి ఆవిడ నవ్వింది. కూర్చోమని పీట వేసింది. మొన్న ఆదివారం అన్నదమ్ముల్ని పిలిచి భోజనాలు పెట్టిందట, గండం గడిచిందని.

పీట మీద కూర్చోలేదు. నిలబడే చెప్పాను. రిపోర్టు వచ్చిందని, ఇవాళ కాదు, ఆగస్టు పదకొండునే వచ్చిందని. కంప్యూటర్ బాగుచెయ్యబోయి నేనే దాన్ని కనపడకుండా చేశానని. ఫోన్ చేస్తానని చెయ్యలేదని. ఆ రోజు ఏమీ తెలీకుండానే తల ఊపానని. చివరికి జబ్బు పేరు చెప్పాను.

వీరబాబు లేచి వచ్చాడు. స్కూటీ ఎత్తి కాలవలో పారేస్తానన్నాడు, అరవకుండా, నెమ్మదిగా. అలా అంటేనే ఎక్కువ భయమేసింది. ఆవిడ కూర్చోరా అంది. కూర్చున్నాడు.

ఎన్ని రోజులైంది అని అడిగింది. నిన్నటికి ఇరవై మూడు అన్నాను. చేతిలో ఉన్న చేపని పరదా మీద పెట్టి, తల దగ్గర సరిచేసి, అప్పుడంది.

"వారం నించీ హాయిగా పడుకుంటన్నానమ్మా. ఆ నిద్రా నువ్విచ్చిందే. ఇక ఇప్పుడు పట్టనిదీ నువ్విచ్చిందే. నిన్నేం చెయ్యను నేను?"

ఆసుపత్రికి నేను కూడా వస్తానన్నాను. అక్కర్లేదన్నాడు వీరబాబు. ఆవిడ వాడివైపు చూసి, రానియ్యి, మనకి కాగితాలు చదివేవాళ్ళెవరున్నారు అంది. తర్వాత నాతో అంది.

"రా. కానీ ఈసారి ఎంతుందో అంతే చదువు."

సెప్టెంబర్ 5

ఫిల్టర్ తీసేశాను. మధ్యాహ్నానికి 2.9 జీబీ. ఆగితే ఆగనీ అని గణేష్‌తో పాటు రిపోర్టులు ఒక్కొక్కటే తెరిచి ఇచ్చాం. ‘పెద్దవి’ గురించి గణేష్‌కి చెప్పాను. వాడు సర్దిన సూదులే మళ్ళీ సర్దాడు.

జేవియర్ గారు నాతో మాట్లాడ్డం లేదు.

సెప్టెంబర్ 6

నా టేబుల్ మీద ర్యామ్ ప్యాకెట్ ఉంది. ఎనిమిది జీబీ. ఎవరు పెట్టారని అడిగితే గణేష్ జేవియర్ గారి గదివైపు చూపించాడు. వెనక మూత విప్పి బిగించాను. బ్రోషర్ల కంపెనీకి ఇక పంపొద్దని రాశాను. బయాప్సీలకి విడిగా ఒక పుస్తకం పెట్టాం: పంపిన రోజు, రావాల్సిన రోజు. రాకపోతే ఫోన్ చేసింది ఎవరో సంతకం.

ఇవి మొదటిరోజే చెయ్యాల్సినవి. అన్నీ కలిపి ఒక పూట పని.

సెప్టెంబర్ 9, మంగళవారం

రెండో రౌండ్. మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి చివరిదాకా చెప్పాను. అటుపక్కాయన పెన్ను కింద పెట్టేశాడు. తెలియజేస్తామన్నారు.

సెప్టెంబర్ 15, సోమవారం

కాకినాడ. స్కాన్ల రిపోర్టులొచ్చాయి. వరండాలో నిలబడి ఆవిడకి చదివాను. అర్థమైంది తెలుగులో చెప్పాను. అర్థం కానిచోట అర్థం కాలేదన్నాను. ఆవిడ వింటూ ఆకువక్కల డబ్బా మూత తీసింది, వేసింది. వీరబాబు మాకు పది అడుగుల దూరంలో నిలబడ్డాడు, కానీ విన్నాడు.

ఆపరేషన్ చెయ్యొచ్చన్నారు. ఆవిడ బయటికెళ్ళాక నేను ఉండిపోయి డాక్టరు గారిని అడిగాను, ఆ ఇరవై మూడు రోజుల వల్ల ఏమైనా తేడా వచ్చిందా అని. ఏమీ లేకపోవచ్చు, ఉండొచ్చు, అది ఎవరూ చెప్పలేరమ్మా అన్నారు. లేదు అని చెబుతారనుకున్నాను. ఆ మాట కోసమే ఉండిపోయాను.

బయట ఆవిడ ఏమడిగావని అడిగింది. అడిగిందీ చెప్పాను, ఆయన చెప్పిందీ చెప్పాను. ఊఁ అంది. బస్సులో నా పక్కనే కూర్చుని ఊరొచ్చేదాకా నా భుజం మీద నిద్రపోయింది.

సెప్టెంబర్ 19

హైదరాబాద్ నుంచి మెయిల్. ఈసారికి కుదర్లేదట. బట్టలు అల్మారాలో సర్దుకున్నాను.

సెప్టెంబర్ 24, బుధవారం. మధ్యాహ్నం 2.20

ఆపరేషన్‌కి మూడున్నర గంటలు పట్టింది. గడ్డ మొత్తం వచ్చేసిందన్నారు. మందులు ఇంకా ఆర్నెల్లు.

మత్తు దిగుతూంటే నా వేలు పట్టుకుని వరాలూ అని పిలిచింది. వీరబాబుని అడిగాను. ఆ పేరుతో తమవాళ్ళెవరూ లేరన్నాడు.

మళ్ళీ పిలిచింది.

ఇక్కడే ఉన్నానన్నాను.