నాలుగూ పది

సెప్టెంబర్ 6, 1999

ఇవాళ కూడా లేట్. ఇది రెండోది. మూడోసారి లేటయితే ట్రయల్ ఉద్యోగం క్యాన్సిల్ అని సూపర్‌వైజర్ జ్యోత్స్న ముందే చెప్పింది. మంచిదే, కానీ గడియారం చేతపట్టుకుని పుట్టిన మనిషి.

అమెరికా డాక్టర్లు గొణిగిందంతా పొద్దుట్నుంచి చెవుల్లో పెట్టుకుని టైప్ చేస్తాను. సాయంత్రం ఐదులోపు నెట్‌లో పంపాలి. నాలుగింటికి పంపడం మొదలుపెడతాను. నాలుగూ పదికి ఫోన్ లైన్ మీద మోడెమ్ స్పీడ్ 44,000 నుంచి 9600కి పడిపోతుంది. కాసేపటికి లైనే కట్. ఆ తర్వాత ఎన్నిసార్లు డయల్ చేసినా బిజీ టోన్. దొరికితే ఫైల్ మళ్లీ మొదట్నుంచి.

నెలాఖరుకి ట్రయల్ అయిపోతుంది. నిలబడితే ఈ కొండాపూర్ గది నాది. లేకపోతే తెనాలి, అన్నయ్య ఇల్లు, వదిన వంటిల్లు, విడాకులు తీసుకున్న ఆడపడుచుకి హాల్లో చాప. నేను వెళ్లను.

సెప్టెంబర్ 7

పొద్దున 44,000. మధ్యాహ్నం 42,000. నాలుగూ పదికి 9600. నాలుగూ ఇరవై ఒకటికి అంతా మామూలే. ఐదుకి రెండు నిమిషాల ముందు చివరి ఫైల్ వెళ్లింది.

సెప్టెంబర్ 8, సా. 4.10

మళ్లీ.

సెప్టెంబర్ 9

మోడెమ్ కేబుల్ మార్చాను. గోడ సాకెట్ విప్పి తుప్పు గీకాను. సెట్టింగ్స్ అన్నీ కెలికి మళ్లీ మొదటికి తెచ్చాను. కింద ఓనరు అనసూయమ్మగారి ఫోన్ నుంచే నాకు పైకి వైరు. ఆ ఇంట్లో ఎవరైనా రిసీవర్ ఎత్తుతున్నారేమోనని సరిగ్గా నాలుగూ పదికి మెట్లు దిగి పరుగెత్తాను. ఆవిడ బియ్యం ఏరుతోంది. ఫోన్ మీద అల్లిక గుడ్డ కప్పే ఉంది. ఆ టైంలో మేమసలు ముట్టుకోమమ్మా అంది.

పైకొచ్చి మోడెమ్ ఆపి నా రిసీవర్ ఎత్తాను. డయల్ టోన్ లేదు. ఎవరో ఊపిరి తీస్తున్నారు.

హలో అన్నాను. ఊపిరి ఆగింది. ఫోన్ మాత్రం పెట్టలేదు.

సెప్టెంబర్ 13

లైన్‌మన్ కొమురయ్య వచ్చాడు. జర ఆగమ్మా అని స్తంభం ఎక్కినవాడు చాలాసేపు దిగలేదు. దిగాక నా ముఖం చూడకుండా చెప్పాడు. మీ లైన్ మీదనే ఇంకో వైరుంది, గుట్ట ఎనుక సక్కుబాయి ఇంటికి పోతది అన్నాడు. ఈ జాగా, ఈ ఫోను ఒకప్పుడు ఆమె పెనిమిటి ఎల్లేశంవట. ఆయన పోయాక జాగా అమ్మితే ఫోనూ దానితోనే పోయింది. పేరు మార్చనేలేదు, ఇప్పటికీ ఎల్లేశం పేరే. పాత ఫోను డబ్బా నా కాడ ఉంచుకుంట, వైరు తియ్యకు అన్నా అని బతిమిలాడింది, నేనే ఉంచిన అన్నాడు. ఎవలకూ చెయ్యది, ఉత్తగ వింటదమ్మా అన్నాడు.

సెప్టెంబర్ 14

సక్కుబాయి దగ్గరికి వెళ్లాను. ఒకటే గది. స్టూలు మీద నల్ల ఫోను, పోయిన దసరాకి పెట్టిన బొట్టు దాని మీద ఇంకా ఉంది.

ఎల్లేశం బాలానగర్‌లో లేత్ మెషీన్ మీద పనిచేసేవాడట. నాలుగూ పదికి టీ గంట. రోజూ షెడ్‌లోంచి ఫోన్ చేసేవాడు. ముందు మెషీన్ల హోరు, తర్వాత తిన్నవా అని ఒక్క మాట. ఇప్పటికీ గా టైంకు ఎత్తి వింట, పది నిమిషాల టీ టైం, ఇంకో నిమిషం సూసి పెట్టేస్త అంది. ఇన్నేండ్లూ ఒట్టి టోనే వచ్చింది, రెండు నెలల సంది మళ్ల మెషీన్ల సప్పుడు వస్తుంది బిడ్డా అంది.

నేను అద్దెకి దిగి రెండు నెలలు. అది నా కంప్యూటరమ్మా అన్నాను.

తెల్సు, కొమురయ్య చెప్పిండు, గని ఆయన మాట్లాడే ముందుగూడ గిట్లనే ఉంటుండె అంది. మొన్న హలో అన్నది నువ్వేనా, ఆడమనిషి గొంతు ఇంటే భయమైంది అంది.

ఆమె ఇచ్చిన టీ తాగాను. గ్లాసు కడిగి బోర్లించాను. గుట్ట దిగి, ఆ వైరు కోసెయ్యమని కొమురయ్యకి చెప్పాను. ఆమె ముందు అనలేకపోయాను. సిగ్గుగా ఉంది.

సెప్టెంబర్ 15

నాలుగూ పది. 44,000. పావుగంటలో అన్నీ వెళ్లిపోయాయి.

సెప్టెంబర్ 20

సక్కుబాయి నిన్న పొద్దున పోయిందని అనసూయమ్మగారు చెప్పారు. నిద్రలోనే అట.

సాయంత్రం కొమురయ్య వచ్చి ఎక్స్ఛేంజ్ చీటీ చూపించాడు. గురువారం ఆమె అక్కడిదాకా నడిచి వెళ్లి కంప్లెయింట్ రాయించింది. పేరు ఎల్లేశం. నంబరు మా ఇంటిదే. ఫోను పలుకుత లేదు అని ఉంది. ఈ ఏరియా నాదే గనుక చీటీ నాకే వచ్చింది, ఏమని రాసియ్యాలమ్మా అని అడిగాడు.

పొద్దున ఒక్క గంట ముందు లేస్తే నాలుగింటిలోపే పంపేసేదాన్ని. ఈ ముక్క ఇప్పుడు తట్టింది. అప్పుడు తట్టినా చేసేదాన్నో లేదో.

సెప్టెంబర్ 21, సా. 4.10

9600.

సెప్టెంబర్ 22

కొమురయ్య స్తంభం ఎక్కి చూశాడు. కోసిన వైరు చుట్ట అతని సైకిల్‌కే వేలాడుతోంది. గుట్ట వెనక గదికి తాళం. నల్ల ఫోను ఆమె తాలూకు వాళ్లు తీసుకెళ్లారు. నా లైనుని స్తంభం మీద ఇంకో వైర్ల జతకి మార్చాడు. ఇగ ఫికర్ లేదమ్మా అన్నాడు కానీ చేతులు జోడించి వెళ్లాడు.

నాలుగూ పదికి 9600. నాలుగూ ఇరవై ఒకటికి 44,000. ఐదుకి నిమిషం ముందు గట్టెక్కాను.

సెప్టెంబర్ 24

ఒక గంట ముందు లేస్తున్నాను. మూడున్నరకల్లా ఫైళ్లన్నీ వెళ్లిపోతున్నాయి.

సెప్టెంబర్ 30

నిలబడ్డాను. జ్యోత్స్న ఫోన్ చేసి చెప్పింది. మీ లైన్ ప్రాబ్లం పోయినట్టుందే అంది. పోయిందన్నాను. టెర్రస్ ఎక్కి హైటెక్ సిటీ వైపు కాసేపు చూశాను. ఆ గుండ్రటి టవర్‌లో లైన్లు ఒక్క క్షణం కూడా పోవట. సంతోషంగా ఉండాలి. ఉంది కూడా, కొంచెం.

మూడున్నరకి పని అయిపోతే మోడెమ్ ఆపెయ్యొచ్చు. వారం నుంచి ఆపడం లేదు. నాలుగూ ఇరవై ఒకటి దాకా దాన్ని హోరుమననిస్తున్నాను.

అక్టోబర్ 1, సా. 4.10

9600. రిసీవర్ ఎత్తాను. హోరు. దాని వెనక ఊపిరి.

తిన్నవా అన్నాను.

అక్కడ ఎవరో మెల్లగా ఫోన్ పెట్టేశారు.

నాలుగూ పదకొండు. 44,000.