నలభై రెండు ప్రశ్నల మంత్రివర్గం

నవంబర్ 10, 2024. ఆదివారం. సాయంత్రం 6.

1999లో ఒక బిర్యానీ హోటల్లో, అప్పటి మా మండలి అధ్యక్షుడు అప్పాజీ నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "కార్యదర్శి మీరేనండి గురువుగారూ, రాసిపెట్టుకోండి" అన్నాడు. రాసిపెట్టుకున్నాను. మర్నాడు మైకులో తన తోడల్లుడి పేరు చదివాడు. ఆ తోడల్లుడికి మినిట్స్ రాయడం రాదు. రెండేళ్లు అతని పేరుతో రాసింది నేనే.

ఈరోజు మా తెలుగు మిత్రమండలి నన్ను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. నాకు 31, శ్యాంప్రసాద్‌కి 28. అప్పాజీ మనుషుల ఓట్లు ఆరు నాకెందుకు పడ్డాయో తెలియదు. నా ప్రసంగం ప్రభావం అయివుండాలి.

తీర్మానం: నా కమిటీని అమెరికా పద్ధతిలో ఏర్పాటు చేస్తాను. అయిదు రోజుల కిందటే అక్కడా ఎన్నిక జరిగింది. గెలిచినవాడు మంత్రుల పేర్లు ప్రతిపాదించగలడు, అంతే. పేరు వచ్చినవాడు తన పుట్టుపూర్వోత్తరాలతో ఫారాలు నింపాలి. దర్యాప్తువాళ్లు అతని ఇరుగుపొరుగును కదిపి చూస్తారు. తర్వాత సెనేట్ సంఘం ఎదుట కూర్చుని అడిగినదానికల్లా జవాబు చెప్పుకోవాలి. చివరికి సెనేట్ మొత్తం ఓటు వేస్తుంది. సమానంగా చీలితే ఉపాధ్యక్షుడు తేలుస్తాడు. ఇందులో చేతులు పట్టుకునే ఘట్టం ఎక్కడా లేదు.

వాళ్ల ప్రమాణ స్వీకారం జనవరి 20. మాది 19. ఒకరోజు ముందే.

నవంబర్ 12. ఉదయం 8.30.

ఫారం తయారైంది. 42 ప్రశ్నలు. దుబాయ్ నైఫ్ బజార్లో ముప్పై ఎనిమిదేళ్లుగా టైపింగ్ సెంటర్ బల్ల దగ్గర కూర్చుని జనానికి వీసా దరఖాస్తులు నింపుతున్నవాణ్ని. నా ఫారంలోంచి చీమ కూడా తప్పించుకోలేదు.

పదవులు మూడు: కార్యదర్శి, సాంస్కృతికం, సంక్షేమం.

సెనేట్: సర్వసభ్య సమావేశం.

దర్యాప్తు: షఫీ. నెల్లూరు మనిషి, నా పక్క దుకాణం దర్జీ, నా స్నేహితుడు, నాతోపాటే గెలిచిన ఉపాధ్యక్షుడు. కొలతలకు చేతులు చాచి నిలబడ్డ మనిషి షఫీ దగ్గర ఏదీ దాచుకోడు.

మనసు తేలిగ్గా ఉంది. టీలో చక్కెర వేసుకోలేదు.

నవంబర్ 17. ఆదివారం. మధ్యాహ్నం 1.

ఫారాలు పంచాను. అబుధాబి పక్క ముసఫ్ఫాలో ఐకాడ్ కార్మికుల క్యాంపు నుంచి ఏసుబాబు ఫోన్ చేశాడు. వెల్డరు, మంచి గొంతు, రాజోలు వైపు మనిషి.

"మాస్టారూ, కల్చరల్ నాకేనన్నారు కదండీ ఎలక్షన్‌కి ముందు. మళ్లీ ఈ పరీక్షేంటండి?"

"అది వాగ్దానం కాదు ఏసుబాబూ. ఉద్దేశం."

"ఉద్దేశమంటే ఏంటండి?"

"మాట లాంటిదే. కట్టుబడక్కర్లేదు."

ఫోన్ పెట్టేసేసరికి షఫీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "అన్నా, అదే కల్చరల్ ఇమామ్ హుస్సేన్‌కి కూడా చెప్పినావే?"

ఇమామ్ హుస్సేన్‌కి చెప్పలేదు. అతను అడిగినప్పుడు తల ఊపాను. తేడా ఉంది.

నవంబర్ 24. ఆదివారం. సాయంత్రం 5.

దర్యాప్తు నివేదికలు అందాయి.

ఏసుబాబు: రెండేళ్ల కిందటి ఉగాది నాటకంలో శవం వేషం వేసి గురకపెట్టాడు. ఎర్ర గీత.

ఇమామ్ హుస్సేన్: 11వ ప్రశ్నకు (మీ లోపాలేవి?) "లేవు" అని రాశాడు. ఎర్ర గీత.

నాగదుర్గ: అల్ ఐన్‌లో ఒక ఇంట్లో వంటమనిషి. అమలాపురం దగ్గర పల్లె. సంక్షేమానికి దరఖాస్తు పెట్టింది. చదువు: ఏడో తరగతి. ఈమెయిల్: లేదు. తీరిక: ఆదివారం విడిచి ఆదివారం. 19వ ప్రశ్నకు (మండలి నియమం ఎప్పుడైనా మీరారా?) జవాబు: "నియమం మీరేనండి. కరోనాలో కమిటీని అడక్కుండా నలుగురిని ఆసుపత్రిలో చేర్పించేను." ఒప్పుకుంది కాబట్టి రెండు ఎర్ర గీతలు.

నిజాయితీకి గీత పెట్టడమేమిటని షఫీ అడిగాడు. గీత నిజాయితీకి కాదు, నియమోల్లంఘనకు అని వివరించాను. అతను దారం కొరికి మళ్లీ కుట్టులో పడ్డాడు.

డిసెంబర్ 1. ఆదివారం. మధ్యాహ్నం 3.

ఈరోజు బహిరంగ విచారణ. వచ్చినవారు: నేను, షఫీ, హోటల్ సర్వర్. దేశమంతా జాతీయ దినం సెలవులు. మావాళ్లు కార్లకు జెండాలు కట్టుకుని తిరుగుతున్నారు. అమెరికాలోనూ పండుగలకు సెనేట్ మూసేస్తారు. వాయిదా.

డిసెంబర్ 15. ఆదివారం. సాయంత్రం 6.30.

విచారణ జరిగింది. జరగకపోయినా బాగుండేది.

మొదటి ప్రశ్న నేనే అడిగాను: ఈ పదవికి మీ పేరు ఎలా వచ్చింది?

ఏసుబాబు లేచాడు. "మీరే కదండీ మా క్యాంపుకొచ్చి, నా మంచం మీద కూకుని, చేపల పులుసు తిని, మాటిచ్చేరు."

ముందు వరసలోంచి అప్పాజీ: "గురువుగారూ, ఏ చేపో కూడా అడిగెయ్యండి. రికార్డులో ఉంటాది."

హాలంతా నవ్వింది. ఏసుబాబు పేరు వెనక్కి తీసుకున్నాడు. ఇమామ్ హుస్సేన్, తనకు ఊపిన తల సంగతి చెప్పి, అతనూ వెనక్కి తీసుకున్నాడు. కార్యదర్శికి దరఖాస్తు పెట్టిన ఒకే ఒక్కడు విచారణ చూసి మెట్ల మీంచే వెళ్లిపోయాడు.

నిరుత్సాహం అక్కర్లేదు. అమెరికా చరిత్ర మొత్తం మీద సెనేట్ ఓటు వేసి ఓడించిన మంత్రులు తొమ్మిదిమందే. నెగ్గని తక్కినవాళ్లు ఇలాగే మర్యాదగా తప్పుకున్నారు. అంటే పద్ధతి పనిచేస్తోంది.

టీలో రెండు చెంచాల చక్కెర.

డిసెంబర్ 22. ఆదివారం. ఉదయం 11.

ఒక్క ఎర్ర గీత కూడా లేని ఫారం ఒకటి వచ్చింది. సంక్షేమానికే. 42కి 42. డిగ్రీ ఉంది. ఈమెయిళ్లు రెండు. ఏ నియమం మీరలేదు. ఆసుపత్రి గడప తొక్కితే కదా మీరడానికి.

దరఖాస్తుదారు: అప్పాజీ.

కోరిక అర్థమైంది. సంక్షేమ కార్యదర్శికి కార్డు ఉంటుంది, విందుల్లో ముందు కుర్చీ ఉంటుంది. నా ఫారం ప్రకారం అతని పేరే ప్రతిపాదించాలి. పెన్ను తీసి 43వ ప్రశ్న చేర్చి తిప్పి పంపాను: 1999లో ఎవరికైనా మాట ఇచ్చి తప్పారా?

గంటలో జవాబు. "తప్పేనండి. మీకే. మరదలి మొగుణ్ని కాదంటే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు."

నిజం చెప్పాడు. దాన్ని ఏ గడిలో వెయ్యాలో నా ఫారంలో లేదు.

జనవరి 5, 2025. ఆదివారం. మధ్యాహ్నం 2.

నాగదుర్గ ఫోన్ చేసింది.

"బాబాయ్ గారూ, నా కాయితం ఏవైందండి?"

"పరిశీలనలో ఉందమ్మా."

"నాలాగే ఇళ్లల్లో పనిచేసే మంగాదేవి గారు మూడు వారాల బట్టి ఆసుపత్రి మంచం మీదే ఉన్నారండి. తుంటి ఇరిగింది. పనిచేసే ఇంటోళ్లు ఊళ్లో లేరు. ఆవిడకి ఇండియాలో ఇంటికెళ్లిపోవాలనుంది. కౌంటర్లో అడుగుతుంటే, 'నువ్వెవరు ఆమెకి?' అంటన్నారు. మండలి పేరు మీద ఓ ఉత్తరం, దాంట్లో నా పేరు పక్కన ఓ పదవి. అంతేనండి. మిగతాది నేను సూసుకుంటాను."

షఫీ పక్కనే విన్నాడు. "అన్నా, అమెరికావోళ్లు ఓటు అయ్యేదాకా ఇంకోణ్ని తాత్కాలికంగా కూచోబెడతారని నువ్వే చెప్తివి గదా. రాసియ్యి ఒక ఉత్తరం. ఖలాస్."

అది దొడ్డిదారి అన్నాను. వారం రోజుల్లో ఓటు ఉంది. సక్రమంగా ఎన్నికైన మనిషి ఉత్తరానికి బరువు ఎక్కువ.

నిర్ణయం: నాగదుర్గనే ప్రతిపాదిస్తాను. ఎర్ర గీతలు తుడిచేశాను. ఆమె యోగ్యత కోసం అని ఇక్కడ రాయాలని ఉంది. డైరీలో అబద్ధం దేనికి, సగం అప్పాజీ మొహం చూడటం కోసం.

జనవరి 12. ఆదివారం. సాయంత్రం 7.

ఓటింగ్. నాగదుర్గకు అనుకూలం 22. వ్యతిరేకం 22.

నాకు లోపల సంతోషమే వేసింది. సరిసమాన ఓట్లు. చరిత్రలో అరుదైన ఘట్టం. 1925లో అక్కడ ఇలాగే సమానంగా చీలితే, ఉపాధ్యక్షుడు హోటల్లో కునుకు తీస్తూ సమయానికి అందలేదు. నా ఉపాధ్యక్షుడు మెలకువగా, నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. అతనివైపు తిరిగి, "షఫీ, తేల్చు" అన్నాను.

షఫీ లేచి, మెడలో టేపు సర్దుకుని, "వ్యతిరేకం" అన్నాడు.

తర్వాతి అయిదు నిమిషాల్లో, హాల్లోంచే ఎవరో పేరు పలికితే, అప్పాజీ చప్పట్లతో నెగ్గాడు.

మెట్ల మీద షఫీని పట్టుకున్నాను. "ఏమిటిది?"

"నీకోసమే అన్నా. ఆ ఆరు ఓట్లు ఊరికే పడినాయనుకుంటివా? సంక్షేమం ఆయనకి ఇప్పిస్తానని ముందే మాటిచ్చినా. తప్పితే నన్ను గూడా రాసేస్తావు గదా ఆ డైరీలో."

"నా ప్రసంగం?"

"ప్రసంగానికి సగం మంది టీకి పోయుండ్రి."

జనవరి 13. రాయలేదు. ఎండ ఎక్కువ.

జనవరి 15. జలుబు.

జనవరి 19. ఆదివారం. మధ్యాహ్నం 12.30.

ప్రమాణ స్వీకారం. మూడు పదవుల్లో ఒక్కటే నిండింది. అప్పాజీ ప్రమాణం చేసి దిగుతుంటే నాగదుర్గ ఎదురెళ్లింది. గోడకు ఆనించి ఉత్తరం మీద సంతకం పెట్టాడు. చదవనైనా చదవలేదు. పైన తన చేత్తోనే "ఉప కార్యదర్శి నాగదుర్గ" అని చేర్చాడు. రెండు నిమిషాలు. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

"సాలా అమ్మా?"

"సాలండి. యల్లా, ఎళ్లొస్తానండి, బస్సు పోద్ది" అని ఆమె పరుగెత్తింది.

నా వైపు చూసింది, దణ్ణం పెట్టింది. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని దారంతా వెతికాను. లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

జనవరి 26. ఆదివారం. ఉదయం 9.

మంగాదేవిని నిన్న విమానం ఎక్కించారట. చక్రాల కుర్చీ, తోడు, అన్నీ నాగదుర్గే చూసుకుంది. మంచిదే. కానీ మంచి పని పద్ధతి లేకుండా జరిగిపోతే జనం పద్ధతిని నమ్మడం మానేస్తారు. అమెరికాలో కూడా ఇంకా మంత్రులందరికీ ఓటు పూర్తికాలేదు. కాబట్టి మేమేమీ వెనకబడలేదు.

రేపటినుంచి మళ్లీ మొదలు. కార్యదర్శి, సాంస్కృతికం ఖాళీ. కొత్త ఫారం, 60 ప్రశ్నలు. ముందుగా ఎవరికీ ఏ మాటా ఇవ్వను, తల కూడా ఊపను. దర్యాప్తు దర్జీలకు అప్పగించను.

9.20. పక్క దుకాణం దర్జీ దగ్గర్నుంచి రోజూలాగే టీ వచ్చింది. తిప్పి పంపాను. అప్పాజీని అనను, అతను అడిగాడు, అందుకున్నాడు. హాలులోని ఇరవై రెండు మందినీ అనను. ఈ మండలిలో మాట నిలబెట్టుకోవడానికి నా పదవీకాలమే దొరికింది ఆ మనిషికి. ఇది ఎన్నేళ్లకు ఎవరు చదివినా సరే, తప్పు షఫీది.