కుర్చీ అడగాలి

జూన్ 3, సోమవారం. సాయంత్రం 7:40

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త నేను!

ఇవాళ డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూసింది. నన్ను చూసింది. మళ్ళీ ఎక్స్‌రేనే చూసింది. చిన్నప్పుడు వచ్చిన జ్వరం వల్ల నా ఎడమ కాలు రెండంగుళాలు పొట్టి. ఆ భారమంతా ఇన్నేళ్ళుగా తుంటి కీలు మోస్తోందట. "రోజుకు పది గంటలు నిలబడి, పైగా నిచ్చెనలు కూడా ఎక్కుతారా? ఇలాగే సాగితే ఏడాదిలో చేతికర్ర పట్టుకోవాలి. ఆ తర్వాత కర్ర కూడా చాలదు. షాపులో అడగండి, కాగితం రాసిస్తాను" అంది. రాసిచ్చింది కూడా. స్టాంపు వేసి మరీ.

తీర్మానం: ఈ శుక్రవారం లోపల మా చెప్పుల షాపు యజమానికి అర్జీ ఇవ్వాలి. కోరికలు:

1. కౌంటర్ వెనక ఒక కుర్చీ.
2. నిచ్చెన ఎక్కి అటక మీది డబ్బాలు దించే పని వద్దు.
3. రెండు గంటలకోసారి పది నిమిషాల విశ్రాంతి.
4. నేల మీద మోకరిల్లి కొలతలు తీసే బదులు బిల్లు పని.
5. ఇవి అడిగినందుకు ఎవరూ జాలిపడకూడదు.

ఐదోది కుదరకపోవచ్చు. మిగతా నాలుగూ న్యాయమైనవే. ఎంత ధైర్యంగా ఉందో!

జూన్ 4, మంగళవారం. ఉదయం 6:30

అర్జీ రాశాను. రెండు పేజీలు వచ్చింది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి చూపించాను.

"అమ్మా, ఇందులో 'దయచేసి' పద్నాలుగు సార్లుంది. కుర్చీ ఒక్కసారే ఉంది. అదీ రెండో పేజీ చివర."

"దాన్నే మర్యాద అంటారు."

"క్షమించమని కూడా రాశావు. ఏం చేశావని?"

దానికి లోకం తెలీదు. మా ఆయన బస్సు డ్యూటీకి చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "నన్ను అడిగేటప్పుడు ఒక్క దయచేసీ వినపడదే!" అన్నాడు. జవాబు చెప్పే టైము లేదు.

సాయంత్రం 7:30. ఇవ్వలేదు. సార్ చిరాకుగా ఉన్నారు. వచ్చిన కొత్త సరుకులో ఒక పెట్టె నిండా కుడికాలి చెప్పులేనట. ఆయన ఆ బాధలో ఉంటే మధ్యలో నా ఎడమకాలి గొడవెందుకు?

జూన్ 5, బుధవారం. సాయంత్రం 7:45

సార్ చాలా సరదాగా ఉన్నారు. ఎడమకాలి పెట్టె కూడా వచ్చేసింది. అంత మంచి మూడ్ చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను.

అసలు చిక్కు ఇక్కడైనా రాసుకోవాలి. డైరీకి కూడా అబద్ధం చెబితే ఎలా? పదకొండేళ్ళ క్రితం పని కోసం వచ్చినప్పుడు సార్ నా నడక చూసి, "కాలికేమైందమ్మా?" అన్నారు. నాకేం బుద్ధి పుట్టిందో ఏమో, "బెణికిందండీ, నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది" అన్నాను. పని దొరికింది. ఆ నాలుగు రోజులు ఇంకా పూర్తి కాలేదు! షాపులో అందరూ తలా ఒక వైద్యం చెబుతుంటారు. సార్ అయితే ఏటా ఒక తైలం సీసా కొనిస్తారు. వాసన బాగానే ఉంటుంది. నా ఎడమ చెప్పు అడుగు ఎంత మందంగా ఉందో చెప్పులమ్మే షాపులో ఒక్కరూ చూడలేదు. అందరి కళ్ళూ కొనేవాళ్ళ పాదాల మీదే.

ఇప్పుడు వెళ్ళి కుర్చీ అడిగితే పదకొండేళ్ళ బెణుకు సంగతి బయటపడుతుంది. మాటకు విలువ లేని మనిషినని పంపించేస్తే? ఈ వయసులో, ఈ కాలితో ఇంకెవరిస్తారు పని?

కోరికలు మూడుకు తగ్గించాను. మొదట్లోనే ఐదంటే భయపడతారు.

జూన్ 6, గురువారం. మధ్యాహ్నం 1:15

అన్నం సహించడం లేదు.

సోమవారం చేరిన కొత్తమ్మాయికి కిందటేడు వెన్నెముక ఆపరేషన్ అయిందట. ఇవాళ పొద్దున సూటిగా వెళ్ళి అడిగేసింది. "సార్, గంటకోసారి కాసేపు కూర్చోమని డాక్టర్ చెప్పారు. ఒక స్టూలు వేయిస్తారా?"

సార్ కసురుకోలేదు. మెత్తగానే చెప్పారు. "చూడమ్మా, కొనేవాళ్ళు వచ్చేసరికి మనవాళ్ళు కూర్చుని కనపడితే ఏం బాగుంటుంది? అదిగో, అక్కను చూడు. కాలు బెణికినా పదకొండేళ్ళుగా ఏనాడైనా కూర్చుందా?"

అక్క అప్పుడు నిచ్చెన ఏడో మెట్టు మీదుంది. చేతిలో నాలుగు డబ్బాలున్నాయి. అక్క నవ్వింది.

"సరే సార్" అంది ఆ పిల్ల.

సాయంత్రం 7:30. ఆలోచించాను. ఇందులో నా తప్పేముంది? నేను లేకపోయినా ఆయన ఒప్పుకునేవారు కాదు. ఇంకో సాకు చెప్పేవారు. అవును, అంతే.

కోరికలు: ఒకటి. కుర్చీ కూడా వద్దు, స్టూలు చాలు.

జూన్ 7, శుక్రవారం. గడువు రోజు!

10:05. సార్ గది తలుపు కొట్టాను.

10:06. లోపలికి వెళ్ళాను. "ఏమ్మా?" అన్నారు.

10:07. "సార్, ఈ ఆదివారం మనుషులు తక్కువగా ఉన్నారటగా, నేనొస్తాను" అన్నాను.

10:08. బయటికి వచ్చాను. అర్జీ చేతిలోనే ఉంది, చెమటకు మెత్తబడి.

ఇదెలా జరిగిందో నాకూ తెలీదు. నోరు నాదే. మాటలు ఎవరివో.

"కుర్చీ తెచ్చుకోమంటే ఆదివారం కూడా ఇచ్చేసి వచ్చావా!" అని మా ఆయన పడీ పడీ నవ్వాడు. నేను మంచం మీద వాలేటప్పుడు నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. వేడినీళ్ళ సంచీ తెచ్చి తుంటి కింద పెట్టాడు.

జూన్ 9, ఆదివారం. సాయంత్రం 7:00

సన్మానం జరిగింది నాకు!

గోడ మీద నా ఫోటో పెట్టారు, నడుం దాకా. కింద పెద్ద అక్షరాలతో: 'ఈ నెల ఆదర్శ ఉద్యోగి. పదకొండేళ్ళలో ఒక్కసారీ కూర్చోలేదు.' అందరూ చప్పట్లు కొట్టారు, నిలబడి. కొత్తమ్మాయి కూడా కొట్టింది. రెండో చెయ్యి నడుం మీద నుంచి కాస్త ఆలస్యంగా వచ్చింది.

ఇంటికొచ్చి అర్జీ చించేశాను. ఆదర్శ ఉద్యోగి స్టూలు అడిగితే ఏం బాగుంటుంది? తీర్మానం రద్దు. చేతికర్రలు కూడా ఈ మధ్య చక్కటి రంగుల్లో వస్తున్నాయట.

జూన్ 10, సోమవారం

ఏం లేదు.

జూన్ 11, మంగళవారం

నొప్పి. ఏం లేదు.

జూన్ 12, బుధవారం. మధ్యాహ్నం 12:10

ఇది షాపులో కూర్చుని రాస్తున్నాను. అవును, కూర్చునే!

పదకొండింటికి కొత్తమ్మాయి నిచ్చెన మూడో మెట్టు మీద ఆగిపోయింది. మొహం తెల్లగా పాలిపోయింది.

"నొప్పిగా ఉందా?" అన్నాను.

"అబ్బే, ఏం లేదక్కా. పడక సరిగ్గా కుదరలేదు. నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది" అని నవ్వింది.

ఆ నవ్వు నాదే. పళ్ళు కొంచెం కనిపించేలా, కళ్ళు పక్కకు తిప్పుకుని. నాకు ఏళ్ళు పట్టిన విద్య ఈ పిల్ల వారంలో నేర్చేసుకుంది, నన్ను చూసి. నాకు చచ్చేంత సిగ్గేసింది.

"దిగు" అన్నాను. అది అరుపని అందరూ తిరిగి చూశాకే తెలిసింది. సార్ గదిలోంచి బయటికొచ్చారు.

"ఏంటమ్మా గొడవ?"

"బెణుకు కాదు సార్. చిన్నప్పట్నుంచీ నా కాలు ఇంతే. మీకు అబద్ధం చెప్పాను. నిచ్చెన నేను ఎక్కలేను. ఈ అమ్మాయీ ఎక్కలేదు. మా ఇద్దరికీ కుర్చీలు కావాలి."

సార్ మొదటిసారి నా పాదం వైపు చూశారు. చాలాసేపు చూశారు. "మరి ఆ తైలం?" అన్నారు.

"బీరువాలో ఉంది సార్. పది సీసాలు."

ఆయనకు కోపం వచ్చినట్టు లేదు. బాధపడ్డారనుకుంటాను. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

"ఆ రోజే చెబితే పనిచ్చేవారా సార్?"

చెప్పులు కాలికి సగం తొడుక్కున్న ఒక పెద్దాయన అలాగే ఆగిపోయి చూస్తున్నాడు. చివరికి సార్ కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇలా నోటిమాటగా కుదరదు. రాసివ్వండి, చూద్దాం" అన్నారు.

"రాయాలంటే కూర్చోవాలి సార్" అన్నాను.

కొనేవాళ్ళ కోసం వేసిన మెత్తటి కుర్చీ ఒకటి లాక్కుని కూర్చున్నాను. పక్కదాంట్లో కొత్తమ్మాయిని కూర్చోబెట్టాను.

తీర్మానం, మళ్ళీ మొదటి రోజు: అర్జీ ఇవ్వాలి. కోరికలు ఇద్దరివీ కలిపి తొమ్మిది. ఇప్పటికి రెండు రాశాం.

ఇప్పుడే సార్ తన గది తలుపు తీసి, "అయిందా?" అన్నారు.

"ఇంకా లేదు సార్" అన్నాను. మూడోది మొదలుపెట్టాం.