గడ్డివాము చాటుకు ఎందుకు వెళ్లానంటే

ప్రొద్దుటూరు ఆస్పత్రి,
9-3-1959

గంగిరెడ్డీ,

నా తలకు పదకొండు కుట్లు పడ్డాయి, ఎడమ చెయ్యి విరిగింది. నువ్వు ఆదినారాయణ మీదికి పోవడానికి వేములలో మనుషులను పోగు చేసి వేటకొడవళ్లు నూరిస్తున్నావని మీ అక్క చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

రెండేళ్లుగా నాకు నరాల జబ్బు. మద్రాసు డాక్టరు దాన్ని మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నాడు. నా కాళ్లు తడబడేది తాగి కాదు. మూత్రం కూడా ఆగదు. వచ్చినా రాకపోయినా రెండు గంటలకోసారి వెళ్లి రమ్మన్నాడు. సిగ్గుతో మీ అక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు రాజుపాలెం పంచాయితీలో నాలుగు గంటలు లేవకుండా కూర్చున్నాను. తిరిగి వస్తూ ఇక ఆపుకోలేక ఆదినారాయణ గడ్డివాము చాటుకు పోయాను.

"మళ్లా నిప్పు పెడతాండావా?" అంటూ అతను కట్టె ఎత్తాడు. పోయిన నెల వాళ్ల వామును తగలబెట్టింది మనవాళ్లే కదా. ఒక్క మాట చెప్పి ఉంటే ఆగేవాడేమో, నాకు నోరు రాలేదు. రెండో దెబ్బకే పంచె తడిసిపోయింది. భయంతో పోసుకున్నానని అతని మనుషులు నవ్వారు. నవ్వుతూనే చెయ్యి విరగ్గొట్టారు.

నిన్న ఆదినారాయణను పిలిపించి అంతా చెప్పాను. "ఏందప్పా, ఆ మాట ఆడనే చెప్పకపోతివే!" అన్నాడు. తర్వాత నన్ను రెండు చేతులతో ఎత్తుకుని మరుగుదొడ్డికి తీసుకుపోయాడు.

ఈ ఉత్తరం నీ మనుషులందరికీ గట్టిగా చదివి వినిపించు. నా పరువు పోతుందని ఒక్క ముక్క కూడా దాటేయొద్దు.

నీ బావ