మే నెలలో గడ్డి ఎక్కడిది?

జూన్ 22, ఆదివారం

కాల్బలం తొంభై ఆరు, గుర్రాలు ఇరవై నాలుగు, ఏనుగులు ఆరు. మొత్తం నూట ఇరవై ఆరు. రంగులు వేయడం పూర్తయింది. సిపాయి బొటనవేలంత ఉంటాడు. ఇక బేసులే మిగిలాయి. ఒక్కొక్కరి కాళ్ల కింద నేల వేయాలి.

వచ్చే నెల ఇరవైన హైదరాబాద్ క్లబ్బులో టేబుల్ మీద బొమ్మ సైన్యాలతో రాయచూరు యుద్ధం ఆడుతున్నారు. రాయల సైన్యం నాది. మా అమ్మాయి పూజ కాలేజీ హాస్టల్లో ఈ ఆట నేర్చుకొచ్చి నాకు అంటించింది. తను మానేసింది. నేను మానలేదు. ఇన్నాళ్లూ నా సిపాయిలతో వేరేవాళ్లు ఆడారు. ఈసారి నేనే ఆడతాను.

జూన్ 23

చేను నుంచి సంచెడు ఎర్రమట్టి తెమ్మన్నాను. అందరూ చేనుకు ఎరువు తోలుతరు, నువ్వు చేన్నే ఇంటికి తోలిపిస్తున్నవ్ అన్నాడు మా ఆయన. అయినా తెచ్చాడు. జల్లెడ పట్టి, గమ్ములో కలిపి అద్దాను. పగుళ్లు రాకుండా, కొత్త గోడకు చేసినట్టే తడిగుడ్డ కప్పాను.

జూన్ 28

మొలకలొచ్చాయి! పదకొండు మంది కాళ్ల సందున.

మా అత్తమ్మ జములమ్మ, సిపాయిలున్న పళ్లెం ఎత్తి చూసింది. ఏందే, నీ రాజు యుద్ధం ఇడిసిపెట్టి ఎవుసం జేస్తుండా అని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

జూన్ 29

అన్ని బేసులూ గీకేశాను. గింజ చావాలని మట్టిని పాత పెనం మీద వేయించాను. ఇంగ దీనికి తాలింపు గూడ పెడ్తవా అని అత్తమ్మ అడిగింది. పెట్టనన్నాను.

జూలై 9

వేయించిన మట్టితో మళ్లీ అద్దిన నూట ఇరవై ఆరూ ఆరాయి. ఫోటోలు పంపాను. క్లబ్బు నడిపే శ్రవణ్ కుమార్ వెంటనే ఫోన్ చేశాడు. పెయింటింగ్ సూపర్ మేడం, బేసులే ప్రాబ్లం అన్నాడు. టేబుల్ గ్రీన్, అందరి బేసులూ గ్రీన్, మీరూ స్టాటిక్ గ్రాస్, అదే ప్లాస్టిక్ గడ్డిపొడి, అంటించండి, లేకపోతే మీవి అల్మారాలో డిస్‌ప్లేకు పెడ్తా, ఆటకు వేరే సైన్యం చూసుకుంటా అన్నాడు.

యుద్ధం ఏ నెలలో జరిగిందని అడిగాను. మే అన్నాడు. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ, మా నడిగడ్డలో, మే నెలలో గడ్డి ఎక్కడిది? మా గొర్లను అడగండి అన్నాను. వాళ్లు కొట్టుకున్నదే ఈ నేల కోసం కదా అన్నాను.

ఇది జస్ట్ గేమ్ మేడం అన్నాడు.

గేమే అయితే ఏనుగులకు తొండాలెందుకు?

జూలై 11

గడ్డి వేయను.

జూలై 14

జర పచ్చగ చల్లరాదు, ఏం బోతది అన్నాడు మా ఆయన. ఏం పోతుందో చెప్పాను. ఇరవై ఆరేళ్లుగా ఈ ఎర్రమట్టిని నా చీర అంచుల నుంచి వదిలించలేకపోయాను. నాకు బాగా తెలిసిన నేల ఇదొక్కటే. ఆట కోసం దీన్ని ఇంకో దేశంగా మార్చను. అల్మారాలో పెట్టడానికి నేను మూడు నెలలు కళ్లు పొడుచుకోలేదు.

ఆయన హైదరాబాద్ బస్సు ఎన్నింటికని అడిగాడు.

జూలై 20, ఆదివారం, పదకొండు గంటలు

క్లబ్బులో టేబుల్ మీది పచ్చ షీటు నేనే తిరగేశాను. వెనకంతా మట్టిరంగు. శ్రవణ్ కుమార్ ఇంకా అరుస్తున్నాడు. ఆదిల్‌షా తరఫున ఆడే పెద్దాయన మాత్రం తన సిపాయిలను ఒక్కొక్కరిగా ఆ మట్టి మీదికి, మే నెల ఎండలోకి దించుతున్నాడు.