మన ఓపెనింగ్ జోడీ

తిరుమలా,

అన్నం మీద మూత పెట్టిన. పప్పు జర వేడి చేస్కొని తిను, తిని పండుకో. నైట్ షిఫ్ట్ చేసొచ్చి సీదా కంప్యూటర్ ముందట కూసోకు.

మన పాత గేమింగ్ డబ్బాకు కొత్త విండోస్ ఎక్కదు, లినక్స్ వేద్దామని నేను దీపావళికే చెప్పిన. నవ్వినవ్. నిన్న గదే మాట మేహుల్ చెప్తే తలూపినవ్. వాడు నీకు దోస్తయి నెల గూడ కాలే. నువ్వు పుట్టిన కాన్నుంచి నేను నీ అన్నను.

సరే, వానితోనే వేయించుకో. కానీ డిస్క్ తుడిచే ముందు క్రికెట్ గేమ్‌ల మనం చేస్కున్న టీంను పెన్‌డ్రైవ్‌ల ఎక్కియ్. దాంట్ల ఓపెనర్లు మనిద్దరమే.

సదన్న

మేహుల్‌కు టీంల చోటు కావాల్నంటే పన్నెండో ప్లేయర్‌గ పెట్టు. మనకు నీళ్లు తెస్తడు.