నూట ఎనభై మూడు ప్రవేశాలు

శ్రీయుత పరిశీలనాధికారి గారికి,
విదేశ కాన్సులేట్, కుటుంబ వలస దరఖాస్తుల విభాగం, చెన్నై.

తిరుత్తణి, 14 జూలై 2025.

అయ్యా,

మీరు అబద్ధాలు చదివి చదివి నిజాన్ని గుర్తుపట్టడం మరచిపోయారు. తప్పుడు కాగితాలు పెట్టినవాళ్లు మీ కళ్ల ముందే విమానం ఎక్కుతున్నారు. ఉన్నది ఉన్నట్టు రాసిన పిల్లను పట్టుకుని నేరస్తురాలిని చేశారు.

విషయం: కుమారి సత్యప్రియ (17) ప్రయాణ, ప్రవేశ వివరాల పట్టికపై తాము మోపిన "179 అనధికార ప్రవేశాల" అభియోగము రద్దు కోరుట గురించి.

1. పై సత్యప్రియ నా చెల్లెలు దేవసేన కూతురు. దేవసేన ఆరేళ్లుగా తమ దేశంలో ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు నీళ్లు పోసి, అన్నం తినిపించే ఉద్యోగం చేయుచున్నది. అక్కడ స్థిర నివాసం మంజూరైన పిమ్మట భర్త తణికైవేలును, కూతురిని పిలిపించుకొనుటకు కుటుంబ దరఖాస్తు దాఖలు చేసినది. ఆగస్టు ఆరున పిల్లకు పద్దెనిమిది నిండుతాయి. ఆలోగా నిర్ణయం రాకపోతే తమ నిబంధన ప్రకారం ఆమె ఆ తల్లికి పిల్ల కాదట. ఇంక ఇరవై మూడు రోజులున్నాయి.

2. దరఖాస్తు పదో గడిలో ఇట్లున్నది: "గత పదేళ్ల ప్రయాణములన్నియు, ప్రవేశించిన చోటు, తేదీతో రాయవలెను. ప్రవేశ అనుమతి పత్రములు ఉన్నచో జతపరచవలెను. దాచినచో తిరస్కరించబడును." సత్యప్రియ విమానాన్ని ఆకాశంలో తప్ప చూసి ఎరుగదు. అయినా ఇంట్లో నాలుగు ప్రవేశ అనుమతి పత్రాలున్నాయి. కరోనా ఏడాదిలో ఇక్కడి నుంచి నగరికి పోవాలంటే "ప్రవేశ అనుమతి" అని అచ్చువేసిన పాసు కావలసి వచ్చింది. నగరి ఆంధ్రాలో ఉంది, మాకు ఇరవై కిలోమీటర్లు కూడా లేదు. అక్కడ తణికైవేలు తల్లి సరసమ్మ మగ్గం ఉంది. పాత పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగుల చుట్ట, అయిపోగానే కొత్త పడుగు పోగులను వేలాదిగా, ఒక్కొక్కటే, పాతవాటి కొసలకు అతకాలి. ముసలమ్మకు చూపు ఆనదు. మనవరాలి వేళ్లు చురుకు. అందుచేత పడుగు వచ్చినప్పుడల్లా పిల్ల నగరికి పోయేది.

3. దరఖాస్తు తిరువళ్ళూరులో జెనిఫర్ అనే ఆమె నడిపే కంప్యూటర్ సెంటర్‌లో నింపితిమి. ఆమె ముందే హెచ్చరించింది.

"అన్నా, పాప ఇండియా దాటిందే లేదు కదా. 'లేదు' అని కొట్టేస్తే పనైపోయె."

"పాసులుండాయి గదమ్మా. అడిగినారు గదా."

"ఎవురూ పెట్టరన్నా ఇవంతా. ఇదేమన్నా జనాభా లెక్కలా?"

తణికైవేలు కూడా నా భుజం తట్టాడు. "బావా, ఆ యమ్మ చెప్పేది సరిగానే ఉండాది. వదిలెయ్. నీ మీటింగు ఈడ పెట్టొద్దు."

నేను వినలేదు. ముప్పై ఏళ్లుగా నేత కార్మికుల సంఘంలో ఉంటూ, దాచేవాడే దొంగ అని కరపత్రాలు వేసినవాడిని. నాలుగు పాసులు పెడితే మిగతా రాకపోకలు ఏవని అడుగుతారు కదా అని, తణికైవేలు పడుగు పనికి పోయిన రోజులన్నీ రాసి పెట్టుకునే నోటుబుక్కు తెప్పించి, తేదీతో సహా నూట ఎనభై మూడూ రాయించాను. మగ్గం మీద ఒక్క పోగు తప్పితే గుడ్డ పొడవునా గీత పడుతుంది. ఆ భయంతో బతికే కులం మాది. వదిలేసి రాయడం మాకు చేతకాదు.

జెనిఫర్ చివరికి, "సరే, మీ ఇష్టమన్నా. రేపు నన్ను తిట్టొద్దు," అన్నది. తిట్టలేదు. తిట్టవలసినవాడు అద్దంలో కనపడుతున్నాడు.

4. తమ మొదటి నోటీసు: 183 ప్రవేశములకు పాస్‌పోర్టు ముద్రలు చూపవలెను. ఆంధ్రా వేరే దేశం కాదని, భారతదేశపు పటం జతచేసి జవాబిచ్చాను. రెండవ నోటీసు: "అనుమతులు 4 మాత్రమే కలవు. కావున తక్కిన 179 అనధికార ప్రవేశములుగా భావించబడినవి." మరల జవాబిచ్చాను. మూడవ దానికి సంతకం లేదు, పేరు లేదు: "కుటుంబమును పిలిపించుకొనువారి నివాస హోదా కూడా పునఃపరిశీలనలో ఉన్నది." నేను నోరు విప్పిన ప్రతిసారీ ఒక తలుపు మూసుకుంటున్నది. ఇప్పుడు మూసుకుంటున్నది మా చెల్లెలి తలుపు.

5. మా నాయన ఈ తిరుత్తణిలోనే పుట్టాడు. అప్పుడిది చిత్తూరు జిల్లా. 1960లో ఆంధ్రాకు, మద్రాసు రాష్ట్రానికి నడుమ గీత జరిపారు. ఆయన గడప దాటకుండానే రాష్ట్రం మారాడు. ఆయన ప్రవేశ తేదీ ఏదని రాయాలి? ఏ దారి గుండా వచ్చాడని రాయాలి? ఇదే నేలలో నేసిన లుంగీ ఓడెక్కి తమ దేశపు అంగడికి చేరితే, ఎన్నిసార్లు నగరి పోయొచ్చావని దాన్ని ఎవరూ అడగరు. సరుకుకు ఉన్న మర్యాద దాన్ని నేసిన చేతులకు లేదని తాము నోటితో ఒప్పుకోరు. నోటీసులతో ఒప్పుకుంటున్నారు.

6. పదిరోజుల కిందట ఎవరో ఒక మనిషి ఫైలు పట్టుకుని మా వీధికి వచ్చాడు. ఎదురింటి తంగరాజును అడిగాడట: "ఆ పిల్ల నెలకెన్ని తూర్లు ఆంధ్రా పోతాది? ఎవురెవుర్ని కలుస్తాది?" తాను ఏ ఆఫీసు మనిషో చెప్పలేదు. తమ మనిషేనా? కాకపోతే ఆ ఫైల్లో తంగరాజు చూసిన పిల్ల ఫోటో ఎట్లా వచ్చింది?

7. పోయిన ఆదివారం సరసమ్మ ఫోన్ చేసింది, కొత్త పడుగు వచ్చిందని. తండ్రీ కూతురూ బస్సెక్కారు. రాష్ట్ర సరిహద్దులో పొన్పాడి చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగగానే పిల్ల లేచి దిగిపోయింది.

"యాడికే? ఇంకా నగరి రాలే," అన్నాడు తండ్రి.

"నేను రాను నాయనా. నూట ఎనభై నాలుగు అవుతాది."

ఎండలో, చెక్‌పోస్టుకు ఇవతలే నిలబడిందట. తణికైవేలు బతిమాలాడు, కసిరాడు. ఆమె అడుగు వేయలేదు. నగరిలో పడుగు అతకకుండా పడి ఉంది. సరసమ్మ తడుముకుంటూ నలభై పోగులు అతికి, అందులో సగం తప్పని తనే తెంపేసిందట.

ఆ పిల్లను అక్కడ ఆపిన పోలీసు లేడు. తమ కాగితం ఆపింది. దానికి ముందు నా రాత ఆపింది.

కావున పై సంగతులను, చదివే ఓపిక మిగిలి ఉంటే, తాము చిత్తగించవలెను.

తమ విధేయుడు (ఈ గీత వరకే),
శివరామయ్య

తా.క.: ఈ అర్జీ సంగతి దేవసేనకు తెలియదు. మొన్న ఫోన్లో ఏడ్చింది. "అన్నా, నీకు దండం పెడతా. ఇంక వాళ్లకేం రాయొద్దు. నువ్వు రాసేకొద్దీ నా కాయితాలు అడగతాండారు. బిడ్డ రాకపోయినా పాయె, నన్ను పంపించేస్తే అందరం ఏం తినేది?" అన్నది. సరేనని మాటిచ్చి ఫోన్ పెట్టేశాను. రాయకుండా కూర్చుంటే ఈ ఇరవై మూడు రోజులు వాటంతటవే గడిచిపోతాయి, తాము వేలు కూడా కదిలించనక్కరలేదు. అందుకే మాట తప్పాను. వినయం పై సంతకంతో అయిపోయింది. కింద ఉన్నవి డిమాండ్లు.

1. "179 అనధికార ప్రవేశాలు" అనే మాట కొట్టివేయాలి.

2. సత్యప్రియ దరఖాస్తుపై ఆగస్టు ఆరులోగా నిర్ణయం చెప్పాలి.

3. దేవసేన నివాస హోదా జోలికి పోకూడదు.

4. మా వీధికి వచ్చిన మనిషి ఎవరో, ఎవరు పంపారో తెలపాలి.

5. మూడవ నోటీసు మీద ఒక మనిషి పేరు, సంతకం ఉండాలి.

6. ఎవరో ఒకరి మీద తప్పు రాయక తప్పదంటే నా పేరు రాయండి. ఆ పిల్ల పేరు రాయకండి.